సగటు పెరిగిన వారం

నేను ముప్పై ఒక్క ఏళ్ళు మనుషుల్ని "ఎలా ఉన్నారు?" అని అడిగి జీతం తీసుకున్నాను. నవ్వకండి. సైకాలజీలో ఎం.ఏ. చేసి ఏదో ఒక ప్రాజెక్టులో చేరబోతున్న మీరు రేపు చేసే పని కూడా అదే. కాకపోతే మనం పక్కింటివాళ్ళలా ఊరికే అడగం. ఏడు గడులు గీసి, మీరు ఏ గడిలో ఉన్నారో టిక్కు పెట్టండి అంటాం. ఆ టిక్కులన్నీ కంప్యూటర్లో పోసి, సగటు తీసి, ఫలానా బస్తీవాళ్ళు పోయిన నెల కంటే ఈ నెల బాగున్నారని తేల్చేస్తాం. ఆ మాట చెప్పేటప్పుడు మన గొంతులో ఉండే ధీమా చూసి డాక్టర్లు కూడా కుళ్ళుకోవాలి.

రిటైరై రెండేళ్ళయింది. యాప్రాల్‌లో మా ఇంటికి ఇప్పటికీ పిల్లలు వస్తుంటారు, చేతిలో ప్రశ్నల కాగితాలతో, ముఖంలో కంగారుతో. దాదాపు అందరి విషయమూ ఒకటే, ఫోను. ఫోను వల్ల నిద్ర పోయిందా, చదువు పోయిందా, సంసారం పోయిందా. వాళ్ళ ప్రశ్నలు దిద్దిపెడతాను, టీ ఇస్తాను, వెళ్ళేముందు ఈ సంగతి చెబుతాను. ఇందులో నేను గొప్పగా చెప్పుకునేది ఏమీ లేదు. అందుకే చెబుతాను.

అప్పట్లో సికింద్రాబాద్‌లోని మా కాలేజీకి ఒక సంస్థ ప్రాజెక్టు ఇచ్చింది. చేతిపనులు చేసుకునే ఆడవాళ్ళు రోజుకు ఎంతసేపు ఫోను వాడుతున్నారు, దానివల్ల వాళ్ళ మనసుకు మేలు జరుగుతోందా కీడు జరుగుతోందా అన్నది తేల్చాలి. నిజం చెప్పాలంటే ప్రాజెక్టు రాకముందే నా జవాబు తయారుగా ఉంది. మా ఇంట్లో మావారు కుడిచేత్తో అన్నం కలుపుతూ ఎడమచేత్తో ఫోను నెట్టుకుంటూ ఉండేవారు. నేనే ఒకసారి కావాలని పప్పులో ఉప్పు వేయకుండా పెట్టినా ఆయనకు తెలియలేదు. ఆ కోపం ఎంతో కొంత నా పరిశోధనలోకి వచ్చి చేరింది. మీ కోపాలు కూడా చేరతాయి, జాగ్రత్త.

మేము ఎంచుకున్న చోట్లలో ఒకటి కాప్రా చెరువుకు నాలుగు వీధుల ఇవతల, ఒక మేడ మీద నడిచే మగ్గం వర్క్ కార్ఖానా. పెళ్ళి జాకెట్ల మీద జరీ, పూసలు కుట్టే చోటు. పెళ్ళిళ్ళ కాలం కాబట్టి ఆదివారం కూడా సెలవు లేదు. చెక్క చట్రాలకు బట్టను బిగించి, వాటి చుట్టూ కింద కూర్చుని ఇరవై నాలుగు మంది ఆడవాళ్ళు పనిచేసేవారు. యజమానురాలు యాభై దాటిన మనిషి. పనివాళ్ళంతా ఆమెను అక్కా అనేవారు. ఒకప్పుడు తనూ మగ్గం మీద కూర్చుని కుట్టి పైకొచ్చినావిడ కాబట్టి, ఎవరి సూది ఎప్పుడు ఆగిందో పక్కగదిలో ఉండి కూడా కనిపెట్టేది.

పద్ధతి చాలా సులువు. అందరి ఫోన్లలో మా చిన్న యాప్ వేశాం. అది రోజుకు ఎన్ని గంటలు ఫోను నడిచిందో లెక్కపెడుతుంది. పొద్దున పనికి రాకముందు ఒకసారి, సాయంత్రం పని అయ్యాక ఒకసారి ఏడు ముఖాల బొమ్మలు చూపిస్తుంది. ఒకటో బొమ్మ ఏడుపు, ఏడో బొమ్మ నిండా నవ్వు. ఇప్పుడు మీరు ఎలా ఉన్నారో ఆ బొమ్మను నొక్కాలి. అంతే. మొదట రెండు వారాలు ఊరికే గమనించాం. ఇవన్నీ వెళ్ళి చూసుకునేది మా అసిస్టెంట్ అమ్మాయి. బొల్లారం పిల్ల, మాట తక్కువ, చెప్పుల కింద చీమ కూడా నలగకుండా నడిచే రకం. నేనేమో అక్క గదిలో కుర్చీలో కూర్చుని టీ తాగి వచ్చేదాన్ని. పనివాళ్ళు కూర్చునే హాలులోకి నేను ఒక్కసారి కూడా అడుగు పెట్టలేదు. ఈ మాట చెప్పడానికి నాకు ఇప్పటికీ సిగ్గుగా ఉంటుంది.

అలా టీ తాగుతున్న ఒకరోజు అక్క నాతో గోడు వెళ్ళబోసుకుంది.

"ఏం జెయ్యాలె మేడం, పొద్దంతా ఫోన్లే. ఒగామె పాటలు పెడ్తది, ఒగామె రీల్స్ సూస్తది. ఇంకొగామె ఉన్నది, బంగారమసొంటి చెయ్యి ఆమెది, ఆమె సుత ఫోన్ ఎదురుంగ వెట్టుకొనే కుడ్తది. మీరు సదువుకున్నోళ్ళు, జెర ఒక దారి చెప్పుండ్రి."

నన్ను ఎవరైనా దారి చెప్పమంటే చాలు. "ఒక డబ్బా పెట్టండి. పొద్దున రాగానే ఫోన్లన్నీ అందులో వేయించండి, సాయంత్రం వెళ్ళేటప్పుడు ఇవ్వండి. రెండు వారాలు చూద్దాం. వాళ్ళ మనసులు ఎంత తేలికపడతాయో మీరే చూస్తారు" అన్నాను. నా ప్రాజెక్టుకూ అది పనికొచ్చేదే. ఫోను ఉన్న రెండు వారాలు, లేని రెండు వారాలు. పక్కపక్కన పెట్టి చూపిస్తే సంస్థవాళ్ళు మురిసిపోతారు. పనివాళ్ళందరి దగ్గరా ఒప్పుకుంటున్నట్టు సంతకాలు కూడా తీసుకున్నాం. అక్క గుమ్మంలో నిలబడి చూస్తుండగా తీసుకున్నాం. యజమాని కళ్ళ ముందు పెట్టిన సంతకం ఏపాటి ఒప్పుకోలో మీరే ఆలోచించుకోండి. నేను ఆరోజు ఆలోచించలేదు.

మర్నాడే అక్క బియ్యం పోసుకునే పెద్ద స్టీలు డబ్బా ఒకటి ఖాళీ చేసి, దానికి తాళం పెట్టించింది.

మొదటి వారం గడిచేసరికి సగటు పెరిగింది. కొంచెమే, కానీ స్పష్టంగా. ఏ లెక్క వేసినా పెరిగినట్టే కనిపించింది. పనివాళ్ళు ఫోను లేకుండా నిజంగానే హాయిగా ఉన్నారు. నేను డిపార్ట్‌మెంట్‌లో అందరికీ ఉస్మానియా బిస్కెట్లు, ఇరానీ చాయ్ తెప్పించాను. ఆ సాయంత్రం ఇంటికెళ్ళి మావారికి ఒక ఉపన్యాసం కూడా ఇచ్చాను. ఆయన ఫోను చూస్తూనే విన్నారు.

రెండో వారం మొదట్లో, శుక్రవారం నాడు అసిస్టెంట్ అమ్మాయి ఒక కాగితం పట్టుకుని నా గదిలోకి వచ్చింది. ఇరవై నాలుగు వరుసల్లో ఒక వరుసకు పెన్సిలుతో గీత గీసుకొచ్చింది.

"మేడం, ఈమెను జెర సూడుండ్రి. మొదటి రెండు వారాలు రోజుకు ఏడెనిమిది గంటలు ఫోను. అందరికంటే ఎక్కువ. అయినా పొద్దుగాల ఆరో బొమ్మ, సాయంత్రం ఏడో బొమ్మ. రోజూ గంతే. డబ్బా పెట్టినకాడికెళ్ళి ఒకటి, ఒకటి, ఒకటి."

ఆమె చూపించిన చోట చూశాను. డబ్బా పెట్టిన రోజు నుంచి ఆ వరుస నిండా ఒకట్లే. కర్రలు పాతి కంచె కట్టినట్టు ఉంది. మిగిలిన ఇరవై ముగ్గురు కొద్దికొద్దిగా పైకి లేస్తే, ఈ ఒక్కామె అట్టడుగుకు పడిపోయింది. అందరినీ కలిపి సగటు తీస్తే ఆమె పడిన సంగతి ఎక్కడా కనబడదు. నేను బిస్కెట్లు పంచింది ఆ సగటుకే.

పక్కనే స్టాటిస్టిక్స్ చెప్పే మా సహోద్యోగి ఉన్నారు. మంచి మనిషి, లెక్కలో దిట్ట. కాగితం చూసి, "ఒక్క వరుసే కదండీ. ఏ జ్వరమో వచ్చి ఉంటుంది, లేదా మనిషి మరీ ఫోను పిచ్చిది అయ్యుంటుంది. తీసేయండి, సగటు ఇంకా బాగా వస్తుంది" అన్నారు.

నేను సరేనన్నాను. దాచడం ఎందుకు, పెన్ను కూడా తీశాను.

"తీసేయొద్దు మేడం," అంది ఆ అమ్మాయి. ఆమె నాకు ఎదురు చెప్పడం అదే మొదటిసారి. "ఆమెకు ఇనరాదు, మాట్లాడరాదు. నేను మొదటి దినమే రిమార్క్స్ కాలంలో రాసిన."

ఫారం చివర రిమార్క్స్ అని ఒక కాలం ఉంటుంది. కంప్యూటర్లో ఎక్కదు కాబట్టి ఎవరూ చదవరు. ఫైలు తీయించి చూశాను. గుండ్రటి అక్షరాలతో రాసి ఉంది: "పుట్టు చెవుడు. మాటలు లేవు. ఫోనులో చెల్లెలితో మాట్లాడుతుంది." అడుగున చిన్నగా నా సంతకం. చదవకుండానే పెట్టేశాను.

"చెవుడైతే ఫోనులో ఎలా మాట్లాడుతుంది?" అని అడిగాను. అడిగిన మరుక్షణం నా ప్రశ్న ఎంత తెలివితక్కువదో నాకే అర్థమైంది. ఇద్దరం ఆటో ఎక్కి కాప్రాకు బయలుదేరాం.

ఆరోజు మొదటిసారి హాలులోకి వెళ్ళాను. ఆరు చట్రాలు. ఒక్కోదాని చుట్టూ నలుగురు. కిటికీల్లోంచి మధ్యాహ్నపు వెలుగు జరీ మీద పడి గోడలన్నీ మెరుస్తున్నాయి. మా అసిస్టెంట్ అమ్మాయి చూపించిన మనిషి కిటికీ పక్కన కూర్చుని ఉంది. ముప్పై ఏళ్ళు ఉంటాయేమో. సన్నగా, కళ్ళ కింద నల్లగా. ఒక చెయ్యి బట్ట మీద, ఒక చెయ్యి బట్ట కింద, సూది మాత్రం ఆడటం లేదు. ఆమె ఎదురుగా కూర్చున్న పెద్దావిడను అందరూ ఆపా అంటారు. కార్ఖానాలో అందరికంటే పాత చెయ్యి ఆమెదే. ఆమే నాతో మాట్లాడింది.

"ఎనిమిదేండ్లకెళ్ళి ఈమె ఎదురుంగ కూసుంటున్న మేడం. ఈమె సైగలు నాకు జెర జెర సమజైతయి, అంతే. ఈమెకు ఒక చెల్లె. ఆమెకు సుత చెవుడే. ఇద్దరికీ ఇస్కూలు లేదు, సదువు లేదు. చిన్నప్పటికెళ్ళి ఇద్దరే ఆడుకుంట ఆడుకుంట సైగలతోనే ఒక బాస తయారు జేసుకున్నరు. వాళ్ళమ్మకు కొంచెం వచ్చేది, ఆమె పోయింది. ఇగ ఆ బాస వచ్చినోళ్ళు దునియాల ఇద్దరే."

ఇద్దరే మాట్లాడే భాష. నేను పుస్తకాల్లో చదివిన సంగతి కాదు, రోజూ ఈ మేడ మీద జరుగుతున్న సంగతి.

"చెల్లెను కామారెడ్డి దిక్కు ఇచ్చిన్రు," అంది ఆపా. "ఆడ ఇంట్ల ఎవ్వరికీ ఈ సైగలు రావు. తిను, రా, పో, గంతే. పగటీలి అందరు పొలానికి పోతే ఆమె ఒక్కతే కూసొని బీడీలు చేస్తది. ఇంట్ల ఉన్నది ఒక్కటే ఫోను, పగలు ఆమె దగ్గర ఉంటది, పొద్దుగూకితే మొగోడు తీసుకుంటడు. అందుకే పొద్దుగాల పది కాంగనే ఇద్దరు వీడియో పెట్టుకునేది. సాయంత్రం దాంక తీసేది లేదు."

"అంతసేపు మాట్లాడుతూ పనెలా చేస్తుంది? మాట్లాడాలంటే చేతులు కావాలి కదా?"

ఆపా నవ్వింది. "అదే సూడాలె మేడం మీరు. ఆడామె చేతులు మాట్లాడుతాంటే ఈమె చేతులు కుడ్తయి. ఈమె సూది ఇడిసి మాట్లాడుతాంటే ఆమె చేతులు బీడీలు చుడ్తయి. ఇనేటోళ్ళు పనిజేస్తరు, చెప్పేటోళ్ళు పని ఆపుతరు. ఈమె సూది దిక్కు సూడకుంటనే గీత మీద కుడ్తది, నా కండ్ల ముంగట ఒక్క కుట్టు తప్పలే. కొన్నిసార్లు ఏం మాట్లాడుకోరు. ఇద్దరు ఎవరి పని వాళ్ళు చేస్తనే ఉంటరు. ఫోను మాత్రం బంద్ చెయ్యరు."

మా యాప్ వాటన్నిటినీ కలిపి ఒకే గడిలో వేసింది: ఫోను వాడకం, ఏడెనిమిది గంటలు. అదే గడిలో పక్కామె చూసే రీల్స్ కూడా ఉన్నాయి.

"మరి తొమ్మిది రోజుల నుంచి?" అన్నాను.

"మొదటి దినం సాయంత్రం ఫోను ఇయ్యంగనే వీడియో తీసి పంపింది. అటు మొగోడు సూసి, ఏందో చేతులు ఊపుతాందని తుడిచేసినట్టున్నడు. మూడోనాడు నేనే ఫోను జేసి చెప్పిన, గిట్ల డబ్బాల పెడ్తున్నరు, మీ ఇంటామెకు చెప్పు అని. సరే అన్నడు. కానీ ఎట్ల చెప్తడు మేడం? ఆయనకు ఏ సైగలు వచ్చని? అక్కను సుత అడిగిన. మేడం చెప్పింది, పద్నాల్గు దినాలు అన్నది. ఇగ ఈ పొద్దు ఈమె సూది తీసి సంచిల పెట్టుకున్నది, సూడుండ్రి."

మగ్గం పనివాళ్ళకు ఎవరి సూది వాళ్ళదే. చెక్క పిడి వాళ్ళ చేతికి అరిగి, వాళ్ళకే ఒదుగుతుంది. రోజూ ఇంటికి పోయేటప్పుడు దాన్ని చట్రానికి గుచ్చి పోతారు. సంచిలో పెట్టుకున్నారంటే పని మానేసినట్టే. ఈమె వేళ్ళు బట్ట మీద ఉత్తినే ఉన్నాయని నేను అప్పుడు చూశాను. రేపు శనివారం లెక్క చూసుకుని కామారెడ్డి బస్సెక్కుతుందట. అన్నావదినల ఇంట్లో ఉంటోంది, ఈ పని పోతే ఇంకో పని దొరుకుతుందో లేదో తెలియదు. చెల్లెలి అత్తగారింట్లో ఎన్నాళ్ళు ఉండనిస్తారో అంతకన్నా తెలియదు. అయినా పోతుందట.

తర్వాత ప్రాజెక్టు ఏమైందో ఇక్కడే చెప్పేస్తాను, లేకపోతే మీ మనసు దాని మీదే ఉంటుంది. అది పాడైంది. పద్నాలుగు రోజులు అనుకున్నది తొమ్మిదో రోజున నేనే చెడగొట్టాను కాబట్టి ఆ కార్ఖానా లెక్కలు ఎందుకూ పనికిరాలేదు. నివేదికలో ఆమె సంగతి ఒక పేజీ విడిగా రాశాను. సంస్థవాళ్ళు ఆ పేజీ తీసేయమన్నారు, నేను తీయలేదు, వాళ్ళు మళ్ళీ ప్రాజెక్టు ఇవ్వలేదు. మా స్టాటిస్టిక్స్ సహోద్యోగి ఆ పేజీ రెండుసార్లు చదివి, తన పాత ఫైళ్ళలో రిమార్క్స్ కాలాలు తీసి చదవడం మొదలుపెట్టారు. చాలు, మళ్ళీ హాలులోకి పోదాం.

అక్క గదిలోకి వెళ్ళి, కిటికీ పక్కనున్నామె ఫోను ఆమెకు ఇచ్చేయమన్నాను. అక్క ఒప్పుకోలేదు. అందులో అక్క తప్పేమీ లేదు.

"మీరే చెప్పిన్రు కదా మేడం! ఒక్కరికి ఇస్తే ఇరవై మూడు మంది నా మీదికి రారా? ఇగ రేపటికెళ్ళి నా మాట ఎవరింటరు? మీరు చెప్పిన్రనే గట్టిగ నిలబడ్డ."

"నేను చెప్పింది తప్పు," అన్నాను.

"ఆ మాట నాకు చెప్తే ఏం ఫాయిదా? వాళ్ళకు చెప్పుండ్రి."

నిజమే కదా. హాలులోకి వచ్చి నిలబడ్డాను. ఆ డబ్బా నా ఆలోచనేనని, ఈమె ఎవరితో మాట్లాడుతుందో తెలుసుకోకుండా అందరికీ ఒకే మందు వేశానని, ఆమె ఫోను ఆమెకు ఇవ్వాలని చెప్పాను. ఆపా నా ముఖం చూసి, ఆమె వైపు తిరిగి, తనకు వచ్చిన నాలుగు సైగల్లో అదంతా చెప్పడానికి తంటాలు పడింది.

నేను ఊహించుకున్నట్టు అందరూ తమ ఫోన్లు కూడా అడగలేదు. ఒక పిల్ల లేచి, "మాకైతే డబ్బానే మంచిగున్నది మేడం. పని జల్ది అయితున్నది, దిమాక్ సుత హల్కగున్నది. మావి ఉండనియ్యుండ్రి. ఆమెది ఆమెకు ఇయ్యుండ్రి" అంది. చాలామంది తలలూపారు. అంటే సగటు అబద్ధం చెప్పలేదు. ఇరవై ముగ్గురి విషయంలో అది చెప్పింది నిజమే. ఆ ఒక్కామె విషయంలో మాత్రం దానికి ఏమీ తెలియదు.

అక్క గదిలోంచి తాళంచెవి తెచ్చి డబ్బా తీసింది. అడుగు నుంచి వెతికి, ఒక మూల పగిలిన చిన్న ఫోను తీసి, దాన్ని తన కొంగుతో తుడిచి, ఆమె చేతిలో పెట్టింది. ఆమె దాన్ని తీసుకుని అక్క వంక, నా వంక చూసింది. అప్పటికి నాలుగు దాటింది. అక్కడ చెల్లెలి దగ్గర ఫోను ఇంకో గంట ఉంటుంది, అంతే.

ఇంతకుముందు ఫోను నిలబెట్టుకోవడానికి తీగను వంచి చేసుకున్న స్టాండు ఒకటి ఉండేదట. డబ్బా వచ్చాక పనిలేదని ఎవరో పారేశారు. ఒక చేత్తో ఫోను పట్టుకుంటే మాట్లాడటానికి ఆమెకు ఒక్క చెయ్యే మిగులుతుంది. ఆమె చుట్టూ చూసింది. ఎదురుగా నేనున్నాను. ఏమీ అడగకుండా ఫోను నా చేతిలో పెట్టి, నా మణికట్టు పట్టుకుని, ఎంత ఎత్తులో పట్టుకోవాలో సరిచేసింది. నేను చట్రానికి అటువైపు కింద కూర్చున్నాను.

కాబట్టి నాకు చెల్లెలు కనబడలేదు. ఫోను వెనకభాగం నా వైపు ఉంది. ఆ మనిషి ముఖం మాత్రమే నాకు కనబడింది. ఫోను మోగిన చప్పుడు కూడా పూర్తికాలేదు, అటు ఎత్తేశారు.

ఆమె చేతులు ఒక్కసారిగా లేచాయి. అలాంటిది నేను ఎక్కడా చూడలేదు. వేళ్ళు, మణికట్లు, భుజాలు, కనుబొమ్మలు, బుగ్గలు, అన్నీ కలిసి పరుగెత్తుతున్నాయి. ఏడుస్తోంది, నవ్వుతోంది, తిడుతోంది, బతిమాలుతోంది. ఆపా నా పక్కకు వచ్చి కూర్చుని, ఫోను అంచు మీదుగా తెర మీదికి మెడ చాచి చూసి, తనకు అర్థమైనంత నా చెవిలో చెప్పింది.

"ఆమె మొగడు ఫోను అని చూపెట్టి లేదు అని చెయ్యి ఊపిండంట. నువ్వు సచ్చిపోయినవనుకున్న అంటున్నది చెల్లె. తొమ్మిది దినాలకెళ్ళి రోజు పొద్దుగాల పదింటికి ఫోను ముంగట పెట్టుకొని కూసున్నదంట. అయినా పెట్టుకొని కూసున్నదంట."

నేను ఆపా వైపు తిరిగాను. ఫోను కదిలినట్టుంది, ఆమె చటుక్కున నా వేళ్ళు పట్టుకుని సరిచేసి మళ్ళీ మాటల్లో పడింది. నన్ను ఒక మనిషిగా చూడలేదు, స్టాండుగానే చూసింది. నాకు అంతకంటే గౌరవం ఎవరూ ఇవ్వలేదనిపించింది. ఒక మనిషి చచ్చిపోయిందని ఇంకో మనిషి తొమ్మిది రోజులు ఏడ్చేలా చేసింది నేను. అదే వారంలో బిస్కెట్లు పంచింది కూడా నేనే. మనుషుల మనసు గురించి ఇన్నేళ్ళు పాఠాలు చెప్పాను గానీ, మనసు ఇంత పెద్దదని, ఇద్దరు మనుషులు ఎవరి సాయమూ లేకుండా ఒక భాషను పుట్టించి అందులో కాపురం ఉండగలరని నాకు ఎవరూ చెప్పలేదు.

హాలులో ఒక్క సూదీ ఆడటం లేదు. అందరూ పని ఆపి చూస్తున్నారు. గడియారం ఎవరూ చూడలేదు, అక్క కూడా.

చాలాసేపు ఇద్దరూ ఒకేసారి మాట్లాడుకున్నారు. ఆ తర్వాత మెల్లగా ఆమె చేతులు నిదానించాయి. అటు చెల్లెలు ఏదో పెద్ద సంగతి మొదలుపెట్టినట్టుంది, ఆమె చూపు తెర మీదే నిలిచిపోయింది. అలా చూస్తూనే, పక్కనున్న సంచిలోకి ఎడమచెయ్యి పోనిచ్చి సూది బయటికి తీసింది. బట్ట కింద దారం అందుకుంది. కళ్ళు ఫోను మీంచి తిప్పకుండా మొదటి కుట్టు వేసింది. గుమ్మంలో నిలబడ్డ అక్క ముక్కు చీదుకుని లోపలికి వెళ్ళిపోయింది. ఒక్కొక్కరే తమ సూదులు అందుకున్నారు.

నేను అలాగే పట్టుకుని కూర్చున్నాను. భుజం లాగుతోంది, వేళ్ళు మొద్దుబారుతున్నాయి. ఆమె ముఖం మీద వెలుగు మారుతోంది, అది కిటికీలోంచి వచ్చేదో తెరలోంచి వచ్చేదో నాకు తెలియలేదు. ఆపా నా మోచెయ్యి తట్టింది.

"చెయ్యి గుంజుతుండొచ్చు మేడం. ఇటియ్యుండ్రి, నేను పట్టుకుంట."

నేను ఇవ్వలేదు.